గోరింటకూ దాసానికీ మధ్య బయ్యన్న మామ

మా బయ్యన్న మామతో మీరు ఏ మాట మొదలుపెట్టినా సరే, ఆయన దాన్ని తీసుకుపోయి గోరింట చెట్టుకూ దాసాని చెట్టుకూ మధ్య కూర్చోబెట్టకుండా వదలడు. దాసాని అంటే మందారమే, మా నల్లమాడ వైపు అలాగే అంటాం. వానలు, ఓట్లు, అల్లుళ్ళు, మోకాళ్ళ నొప్పులు, ఏది తీసుకెళ్ళినా సరే, "అది సరేగానప్పా, ఇప్పుడు గోరింట ఉండాది, దాసాని ఉండాది" అని గొంతు సవరించుకుంటాడు. ఇక ఆ పూటకు మీరు ఆయన సొత్తు.

పోనీ, ఇంత పోల్చి చివరికి ఏది గొప్పదో తేలుస్తాడా అంటే అదీ లేదు. గోరింటను ఒక మెట్టు ఎక్కిస్తాడు, వెంటనే జాలిపడి దాసానిని రెండు మెట్లు ఎక్కిస్తాడు. ఎవరైనా విసిగిపోయి "ఇంతకీ ఏది మంచిది మామా?" అంటే, "ఆడికే వస్తాండా" అంటాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన వస్తూనే ఉన్నాడు.

ఆ రెండు చెట్లూ ఆయన ఇంటి ముందే ఉన్నాయి. గోరింట ప్రహరీ పక్కన ఎండలో, దాసాని స్నానాల నీళ్ళు పారే కాలువ పక్కన. వాటి సేవ మొత్తం మా లక్ష్మీదేవమ్మత్తది. గిన్నెలు కడిగిన నీళ్ళు కూడా పారబోయకుండా దాసానికి మోస్తుంది. గోరింటకు గుర్తొచ్చినప్పుడు ఒక చెంబు, లేకపోతే అదీ లేదు. ఎవరైనా మామ జ్ఞానాన్ని మెచ్చుకుంటే లోపలి నుంచి కేక వినిపిస్తుంది. "నోరు ఆయనది, బిందె నాది. ఆ మాట కూడా చెప్పమను."

నాకు నల్లమాడలో సెల్‌ఫోన్లు రిపేరు చేసే షాపుంది. ఒక మోటారు సైకిలు కూడా ఉంది. బండి ఉన్న మేనల్లుడంటే మామకు సొంత బండి ఉన్నట్టే. కాబట్టి ఈ పురాణం నాకంటే ఎక్కువసార్లు విన్న మనిషి మండలంలో లేడు. నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెబుతాను.

ఒకసారి నడుం నొప్పికని ఆయన్ను అనంతపురంలో ఒక పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. డాక్టరు పాపం మర్యాదగా, "నీళ్ళు బాగా తాగుతున్నారా?" అని అడిగాడు.

"నేను గోరింట రకం సార్. మా ఇంట్లో ఆమె దాసాని రకం," అన్నాడు మామ.

"అంటే?" అన్నాడు డాక్టరు. అనకుండా ఉండాల్సింది.

"గోరింటకు నీళ్ళు తక్కువైతేనే మంచిది సార్. ఎండలో మాడి, మొండికేసి పెరుగుతాది. అప్పుడే ఆకులో రంగు దిగుతాది. నీళ్ళు శానా పోస్తే ఆకు ఏపుగా వస్తాది, చేతికి పెట్టుకుంటే మాత్రం ఎర్రగా పండదు. దాసాని అట్ల కాదు. దానికి దినామూ నీళ్ళు కావల్ల. ఒక పూట మరిస్తే తలకాయ వాలేస్తాది. మల్ల నీళ్ళు నిలిచినా ఒప్పుకోదు, వేరు కుళ్ళిపోతాది."

బయట జనం మూలుగుతున్నారు. వాళ్ళను పంపుతానంటూ లోపలికి వచ్చిన నర్సమ్మ, పంపడం మాని, "మా ఇంట్లో దాసాని మొగ్గలన్నీ రాలిపోతాండాయి, ఏమిటికి సార్?" అని స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఒకనాడు కడవ పోసి, మూడునాళ్ళు మరిచిపోతాండావు గదమ్మా నువ్వు," అన్నాడు మామ, చూసినట్టే. "పిండినల్లి కూడా పట్టింటాది. తెల్లగా దూదిలాగా ఉండాదా? వేపనూనెలో రోంత సబ్బునీళ్ళు కలిపి కొట్టు. పూత తగ్గితే కొమ్మలు కత్తిరించు, భయపడాకు."

నర్సమ్మ చీటీ రాసుకుంది. మామ నడుం గురించి మాత్రం ఎవరూ ఏమీ రాయలేదు.

ఎన్నికలప్పుడు ఒక అభ్యర్థి మా వీధికి వచ్చాడు. మామ కాళ్ళకు మొక్కబోయాడు. మామ ఆయన్ను పైకి లేపి, భుజం మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తియ్యకుండా గోరింటకంచె పురాణం ఎత్తుకున్నాడు. మేక గోరింట జోలికి పోదట, దాసానిని మాత్రం చూసిందా బతకనీయదట. కాబట్టి గోరింటను కంచెగా నాటి, దాని చాటున దాసానిని పెంచుకోవాలట. అభ్యర్థి మొహం మీద చెమట కారిపోతోంది. అనుచరులు ఒక్కొక్కరే టీ అంగడి వైపు జారుకున్నారు. చివరికి "మరి మీ ఓటు?" అన్నాడాయన నీరసంగా. "ఆడికే వస్తాండా," అన్నాడు మామ. ఆ ఎన్నికల్లో మళ్ళీ మా వీధికి ఏ పార్టీ మైకూ రాలేదు. వీధి వీధంతా మామకు రుణపడింది.

కదిరి బస్సులో ఇంకో వింత. సీటు మీద తువ్వాలు వేసినవాడొకడు, దాని మీద కూర్చున్నవాడొకడు. కొట్టుకోవడమే తరువాయి. మామ ఇద్దరి మధ్యా దూరి, "నాయనా, గోరింట కొమ్మ నాటినా బతుకుతాది, దాసాని కొమ్మ నాటాలంటే వానాకాలమే మేలు," అని మొదలుపెట్టాడు. ఓబుళదేవరచెరువు దాటకముందే ఆ ఇద్దరూ లేచి, ఒకరి వెనక ఒకరు, బస్సు చివరికి పోయి ఒకరికొకరు ఆనుకుని నిలబడ్డారు. ఖాళీ అయిన సీట్లో మామ దర్జాగా కూర్చున్నాడు. సీటు కోసం ఇంత నాటకమా అని నేను తెగ నవ్వుకున్నాను.

నరేంద్ర, విష్ణువర్ధన్‌ల గొడవ జరిగేదాకా నేను అలాగే అనుకుంటూ ఉన్నాను.

వాళ్ళిద్దరూ అన్నదమ్ములు, మామ పొలం పక్కనే వాళ్ళ పొలం. ఎప్పుడో వాళ్ళ నాయన చెన్నప్ప వేయించిన బోరు ఒక్కటే ఇద్దరికీ. అన్న నరేంద్ర టమాటా పెట్టాడు. తమ్ముడు విష్ణు చీనీ తోట వేశాడు. బయటివాళ్ళు బత్తాయి అంటారు, మాకది చీనీ. చెట్లను చంటిబిడ్డల్లా సాకాడు, ఆ ఏడు తొలికాపు. సరిగ్గా ఆ ఎండాకాలమే బోరులో నీళ్ళు సగానికి పడిపోయాయి. నీళ్ళ వంతుల దగ్గర మాటా మాటా పెరిగింది. నరేంద్ర స్టార్టరు పెట్టెకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరిగాడు. చీనీ ఆకులు ముడుచుకున్నాయి, పిందెలు రాలడం మొదలైంది. ఇంకొన్నాళ్ళు తడి అందకపోతే కాపు కాదు, చెట్లే పోతాయి.

ఒక మధ్యాహ్నం మామ నా షాపుకు పరిగెత్తుకొచ్చాడు. ఆయన పరిగెత్తడం నేను చూడ్డం అదే మొదలు.

"బండి తియ్యప్పా. విష్ణు గడ్డపార ఎత్తుకోని బోరు కాడికి పోయినాడంట."

మేం వెళ్ళేసరికి స్టార్టరు పెట్టెకు అడ్డంగా నరేంద్ర, ఎదురుగా గడ్డపారతో విష్ణు. ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. చుట్టూ జనం చేరారు గానీ ఎవరూ దగ్గరికి పోవడం లేదు.

"పక్కకు జరుగు. తాళం పగలగొడతా," అన్నాడు విష్ణు.

"పగలగొట్టు చూస్తాం. ముందు నన్ను దాటుకోని పో," అన్నాడు నరేంద్ర.

మామ బండి దిగి, నేరుగా పోయి ఇద్దరి మధ్యలో నిలబడ్డాడు. గడ్డపార వైపు చూసి తల ఊపాడు.

"విష్ణూ, గడ్డపార తెచ్చినావా, మంచి పని చేసినావు. దాసాని నాటాలంటే గుంత మోకాలి లోతు తియ్యల్ల. గోరింటకైతే అంత పని లేదు."

జనంలో ఎవడో నవ్వాడు. నాకు మాత్రం తల తీసేసినట్టయింది.

"మామా, పక్కకు పో. ఇది తమాషా కాదు," అన్నాడు విష్ణు.

"తమాషా అని ఎవరన్నారప్పా? గుంతలో పశువుల ఎరువు, రోంత ఎర్రమన్ను కలపల్ల. ఏం నరేంద్రా, నువ్వైనా చెప్పు."

"నేనేం చెప్పల్ల మామా? వాడు నన్ను పొడవడానికొచ్చినాడు."

"ఆ మాటకే వస్తాండా. ఇప్పుడు దాసాని పువ్వుండాది, పొద్దున పూస్తే మాపటికి ముడుచుకుంటాది. అయినా తలనూనెలో కాచుకుంటే యాడాది వాడుకోవచ్చు. ఆకు నూరి తలకు రుద్దితే షాంపూ మాదిరి నురగొస్తాది. గోరింటాకు అరికాళ్ళకు పెట్టుకుంటే ఒంట్లో వేడి దిగుతాది. మీ ఇద్దురికీ ఇప్పుడు అదే కావల్ల."

విష్ణు భుజం మీది గడ్డపార బరువెక్కి, మెల్లగా నేలకు దిగింది. ఎండ మాడ్చేస్తోంది. మామ ఎరువుల నుంచి కత్తిరింపులకు వచ్చాడు, కత్తిరింపుల నుంచి తెల్ల దాసాని, ఎర్ర దాసాని తేడాలకు పోయాడు. జనం ఒక్కొక్కరే చెట్టు నీడకు తప్పుకున్నారు. ఎవరి మాటలూ ఆయన చెవికెక్కడం లేదు.

అంతలో పొలాలకిచ్చే ఆ పూట కరెంటు వచ్చింది. చుట్టుపక్కల బోర్లన్నీ పోయడం మొదలుపెట్టాయి. అన్నదమ్ములిద్దరూ ఒకేసారి స్టార్టరు పెట్టె వైపు చూశారు. తర్వాత మామ వైపు చూశారు. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"రేయ్ విష్ణూ, ఈయన్ను ఆపరా. కరెంటు పోతే మల్ల రేపే," అన్నాడు నరేంద్ర.

"నాతో యాడైతాది? పెద్దోడివి, నువ్వే ఆపన్నా."

అన్నా అన్న మాట నోట్లోంచి వచ్చాక విష్ణు కూడా కాస్త తికమకపడ్డాడు. నరేంద్ర గబగబా మొలతాడు వెతుక్కుని తాళం తీశాడు.

"ఈ పూట నువ్వే పెట్టుకోరా నీ చెట్లకు. రేపు టమాటాకు నేను పెట్టుకుంటా. పిచ్చెక్కిస్తాండాడు ఈ మనిషి, ముందు ఈయన్ను ఇంటికి తోలేద్దాం పట్టు."

"అవునన్నా, పిచ్చెక్కిస్తాండాడు," అన్నాడు విష్ణు.

ఇద్దరూ చెరో చంకా పట్టుకుని మామను ఎత్తి నా బండి వెనక కూర్చోబెట్టారు. మామ ఇంకా చెబుతూనే ఉన్నాడు. మా వెనక బోరు దగ్గింది, ఆగింది, తర్వాత చీనీ పాదుల్లోకి నీళ్ళు పోసింది.

దారిలో మామ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నాకు భయం వేసి టీ అంగడి దగ్గర బండి ఆపాను. ఆయన గ్లాసు అందుకుని, తాగకుండా పంచె కొంగుతో మొహం తుడుచుకున్నాడు.

"ఏమైంది మామా?"

"భయమయింది గదప్పా. వాడి చేతిలో ఉండేది గడ్డపార," అన్నాడు. అంతలోనే, "ఇద్దురూ నన్ను తిట్టినారు గదా, ఒకటే తిట్టు తిట్టినారా, వేరేవేరేనా?" అని అడిగాడు.

"ఒకటే. పిచ్చెక్కిస్తాండాడు అన్నారు."

"అట్లయితే సరిపాయ," అని తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు.

నేను గ్లాసు కింద పెట్టి, "ఒకటే అయితే ఏమి మామా?" అన్నాను.

"కొట్లాడేవాళ్ళకు మన న్యాయం వినే ఓపిక ఉండదప్పా. ఇద్దురూ కలిసి తిట్టుకునేదానికి ఒక మనిషి కావల్ల. ఎవడో ఒకడు ఆ పని చెయ్యల్ల గదా."

"అయితే ఇన్నేళ్ళూ నువ్వు నటిస్తాండావా? ఆ చెట్ల మీద ఇష్టమే లేదా?"

మామ నిజంగా నొచ్చుకున్నాడు. "ఏమప్పా అట్లంటావు? ఇష్టం లేనిదాన్ని గురించి అంతసేపు ఎవరైనా మాట్లాడతారా?" అని, అక్కడికక్కడే టీ అంగడాయన వైపు తిరిగి, ఆయన ఇంట్లో దాసాని ఉందో లేదో కనుక్కోవడం మొదలుపెట్టాడు. నాకు ఆ ముసలాయన్ను గట్టిగా కావలించుకోవాలనిపించింది. సిగ్గుపడి టీ డబ్బులు ఇచ్చి వచ్చాను.

చీనీ కోతలయ్యాక ఒక పొద్దున నేను మామ ఇంట్లో ఉండగా వీధిలో బండి చప్పుడైంది. విష్ణు బండి నడుపుతున్నాడు, వెనక నరేంద్ర ఒళ్ళో చీనీకాయల మూట. నరేంద్ర దిగి, మూటను అరుగు మీద పెట్టి, మళ్ళీ బండెక్కాడు. ఇంజను ఆపనే లేదు.

"రాండప్పా, కూచోండి. కాపీ తాగి పోదురు," అన్నాడు మామ ఆశగా.

"పనుండాది మామా," అన్నారిద్దరూ ఒక్క గొంతుతో. బండి దుమ్ము లేపుకుంటూ మలుపు తిరిగింది.

అత్త బయటికొచ్చి చీనీకాయల మూట చూసింది, మలుపు వైపు చూసింది.

"ఇద్దురూ ఒకటే బండి మీద వచ్చినారు, చూసినావా?" అంది.

"చూసినాలే," అన్నాడు మామ, చీనీకాయ ఒకటి ఒలుస్తూ.