కడగని కణాలు

మొన్న జ్వరమొచ్చి గోపన్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ కింది క్లినిక్‌కు వెళ్తే, నా కూతురి ఈడు డాక్టరమ్మ మాత్రలు రాస్తూ, వైరస్ మారిపోయిందంకుల్ అని తేలిగ్గా అనేసింది. ఒళ్ళునొప్పుల్లోనూ నాకు సిగ్గేసింది. తొంభైల చివర్లో ఆ మాటే నేను అబద్ధంగా చెప్పాను.

అప్పుడు ఇటువైపే ఒక ల్యాబులో సహాయకుడిని. బోరబండ నుంచి వచ్చే బస్సులో, మా వైరస్‌లు నా అడుగుల చప్పుడు గుర్తుపడతాయని కండక్టర్‌ను నమ్మించిన ఘనుణ్ణి. నేను పనిచేసేది ఒక సీనియర్ అక్క దగ్గర. ఆమె ఫెలోషిప్ ఇంకో రెండు నెలలే. ఆఖరి ప్రయోగం తేలితే థీసిస్ ఇచ్చేస్తుంది.

ఫ్లూ వైరస్ కణం పైనున్న చక్కెర గొలుసును పట్టుకుంటుంది, కణం ఆ వైరస్‌ను తిండి అనుకుని మింగుతుంది, లోపలి పులుపు తగలగానే వైరస్ ఒంటిమీది ముల్లు విచ్చుకుని లోపలికి దారి చేస్తుంది. అయితే ఆ ముల్లును ముందే ట్రిప్సిన్ అనే ఎంజైమ్ ఒకచోట తెంపి ఉంచాలి. కణాలకు మేతగా పోసిన సీరం, అంటే పశువుల నెత్తురు తేట, ఏమాత్రం మిగిలినా ట్రిప్సిన్ పనిచెయ్యదు గనుక, కణాలను బాగా కడగాలి. ఆ కడగడం నా వంతు.

ఒకనాడు బస్సు తప్పుతుందని కడగకుండానే వెళ్ళిపోయాను. మూడోరోజు చూస్తే, వైరస్ సోకి చావాల్సిన కణాలన్నీ నిక్షేపంగా ఉన్నాయి. అక్క మొహం వాడిపోయింది. నా నోరు ఊరుకుంటుందా, వైరస్ మారిపోయిందక్కా అన్నాను. వైరస్‌లు తమ నకలు తీసుకున్నప్పుడల్లా తప్పులు చేసే జాతి, వాటిలో పనికొచ్చిన తప్పే నిలుస్తుంది. అందుకే ఆమె నమ్మింది. “జర ఓపిక పట్టురా, ఇది దొరికితే పేపర్ల నీ పేరు గూడ పెడ్త” అంది. ఆ మాట విన్నాక నిజం చెప్పడానికి భయపడి, అబద్ధం నిలబడాలని, తర్వాత కూడా కడగలేదు. ఆరు వారాలు ఆమె లేని మార్పు కోసం వెతికింది.

చివరికి చెప్పేశాను. తిట్టలేదు. “గీ ముక్క ఆ రోజే చెప్తే ఏమైతుండెరా?” అని, తానే కడిగి మళ్ళీ పెట్టింది. మూడోరోజుకు పళ్ళెం నిండా కణాలు చచ్చిన తెల్లటి మచ్చలు. అప్పటికి గడువు అయిపోయింది. థీసిస్ ఆగింది, అక్క హైటెక్ సిటీలో, ఎక్కడో విదేశీ డాక్టర్లు చెప్పిన మాటలు చెవిలో పెట్టుకుని టైపు చేసే ఉద్యోగంలో చేరింది.

అప్పుడు రాళ్ళగుట్టలున్న చోట ఇప్పుడన్నీ అద్దాల మేడలు. నేనేం చెప్పినా జనం నవ్వుతున్నారు గాని నమ్మడం లేదు, అదే మేలు. ఒక మాటను నమ్మి ఆరు వారాలు కళ్ళు కాయలు కాసేలా వెతికేవాళ్ళు ఈ మేడల్లో ఇంకా ఉన్నారేమో తెలియదు. ఉంటే మాత్రం, వాళ్ళ పక్క కుర్చీలో నాలాంటివాణ్ణి కూర్చోబెట్టకండి.