అనుమతి లేని ఐదు కూతలు

రేవులో ఆమెను అందరూ హారన్ అక్క అనేవాళ్లు. పద్దెనిమిదేళ్లుగా జనాన్ని నది దాటించే పడవ నడుపుతోంది. కుడికి తిరిగితే ఒక పొట్టి కూత, ఎడమకైతే రెండు. ఎదుటి ఒడ్డు కనబడని రోజుల్లో రెండు నిమిషాలకోసారి పొడుగు కూత. ఏనాడూ మానలేదు.

ఇలా ఉండగా ఒడ్డున కొత్త మేడలు లేచాయి. నది కనబడాలని ఏరికోరి కొనుక్కున్నవాళ్లకు అది వినబడటం మాత్రం గిట్టలేదు. అర్జీ పెట్టారు. రేవు ఆఫీసుకు కొత్తగా వచ్చిన అధికారి, పుట్టి బుద్ధెరిగాక పడవెక్కని మనిషి, వెంటనే ఉత్తర్వు వేశాడు. హారన్ కొట్టాలంటే ఒకరోజు ముందు ఫారం నింపాలి. ఎన్ని కూతలో, ఎందుకో రాయాలి.

"రేపు ఎవరు అడ్డొస్తారో ఇవాళే ఎలా రాయను సార్?" అని అడిగింది.

"ఉజ్జాయింపుగా రాయమ్మా. అనుభవం ఉందిగా."

టికెట్లు కోసే బాబాయి నచ్చజెప్పబోయాడు. "ఎందుకొచ్చిన గొడవ తల్లీ, నోరు మూసుకుని నడుపుకో."

"నా నోరంటే మూసుకుంటాను బాబాయ్. పడవ నోరు మూయలేను."

వారం తిరక్కుండానే ఒక పొద్దున నది మధ్యలో ఉండగా పొగమంచు కమ్మేసింది. పడవలో అరవై మంది. పొడుగు కూత కూస్తూ మెల్లగా పోనిచ్చింది. అంతలో ఎదురుగా ఇంజను చప్పుడు. కూత లేదు, కేక లేదు. ఆమె గబగబా ఐదు కూతలు కొట్టి, ఇంజను వెనక్కి తిప్పింది. మూరెడు దూరంలోంచి ఆఫీసు పడవ దూసుకుపోయింది. దాన్ని నడిపేవాడు ఉత్తర్వు తుచ తప్పకుండా పాటించే బుద్ధిమంతుడు. వెనక సీట్లో, నది నిశ్శబ్దంగా ఉందో లేదో తనిఖీకి బయల్దేరిన అధికారి, రెయిలింగు కావలించుకుని ఉన్నాడు.

రేవులో దిగగానే ఆయన ఆమె పడవ దగ్గరికొచ్చాడు. "ఐదుసార్లు ఎందుకు కొట్టావు?"

"మీరేం చేస్తున్నారో నాకు అర్థం కావట్లేదు అని చెప్పడానికి సార్. పడవల భాషలో దానికి అదే కూత."

సాయంత్రానికి మెమో వచ్చింది. అనుమతి లేని కూతలు ఐదు, పొడుగువి అదనం.

ఇంట్లో మొగుడు అది రెండుసార్లు చదివాడు. "ఆయన ప్రాణం కాపాడినందుకా ఇది?"

"ప్రాణం కాపాడితే ఏ గడిలో రాయాలో ఫారంలో లేదట," అంది, కంచం ముందుకు జరుపుకుంటూ.

తర్వాత ఉత్తర్వు సడలించారు. పొగమంచులో కూతలు వేయొచ్చు, అయితే పొగమంచు పడిందని ఆఫీసు ధ్రువీకరించాకే. ఆఫీసు తెరిచేది పదింటికి. మంచు విడిచేది తొమ్మిదింటికి. మెమోలు నెలకొకటి వస్తూనే ఉన్నాయి. ఆమె సంతకం పెట్టి తీసుకుంటుంది, పడవెక్కి కూత వేస్తుంది.