ఎలుకలకు పత్తెం

సాలమ్మ మీద వచ్చినంత కోపం నాకు ఇంతవరకూ ఎవరి మీదా రాలేదు. జడ్చర్ల దగ్గర మా ఫార్మసీ కాలేజీలో ఎలుకల గది చూసుకునేది ఆమే. గదిని అద్దంలా ఉంచుతుంది. నోరు మాత్రం పెద్దది.

నా పీహెచ్‌డీ నేల ఉసిరి మీద. పారాసిటమాల్ ఎక్కువ మోతాదులో ఇచ్చి ఎలుకల కాలేయాన్ని దెబ్బతీయాలి. సగం ఎలుకలకు నేల ఉసిరి సారం, అంటే సాలమ్మ మాటల్లో పసరు, పట్టించాలి. మిగతా వాటికి ఉత్త నీళ్లు. తిండి అన్నిటికీ ఒక్కటే ఉండాలి, లేకపోతే పరీక్షకు విలువే లేదు.

పద్నాలుగో రోజు రక్తం తీసి చూస్తే, పసరు తాగిన ఎలుకలు భేషుగ్గా ఉన్నాయి. ఎగిరి గంతేశాను.

"ఉండయా మరి! నేను పత్తెం తప్పనిస్తినా?" అంది సాలమ్మ.

"పత్తెమేంది?"

"పసరు తాగేటియాటికి ఉప్పు, నూనె పెడ్తరా మేడమ్? మీ దాణా తీసేసి జొన్న గటక వండి, పల్చటి సల్ల పోసిన. మా ఆయనకు కామెర్లయితే గొర్లుగాసే బీరప్ప పసరు పోసి గట్లనే చెప్పిండు."

మేలు చేసింది పసరా, గటకా? ఏడాది కష్టం గంగపాలైంది. అరిచాను. పని తీసేయిస్తానన్నాను. చివరికి ఏడ్చాను. ఆమె నాకంటే గట్టిగా ఏడ్చింది. ఇంకేం తీసేయిస్తాను!

కొత్త ఎలుకలతో మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి దాణా నేనే పెట్టాను. పత్తెం లేకుండానే పసరు పనిచేసింది. సాలమ్మను పిలిచి కసితీరా చెప్పాను. ఆమె మొహం పాలిపోయింది.

"జర గీ ముచ్చట మా ఆయన బక్కయ్యకు చెప్పకు మేడమ్, నీకు దండం పెడ్త. కామెర్లు తగ్గి రెండేండ్లాయె. పత్తెం ఇంక ఒడువలేదని చెప్పి కల్లు దుకాణం దిక్కు పోనిస్తలేను."

నవ్వొచ్చింది. ఆ వెంటనే ఆమె మీద ప్రేమ కూడా పుట్టుకొచ్చింది.

మర్నాడు భార్యకు సద్ది డబ్బా ఇవ్వడానికి వచ్చిన బక్కయ్య నా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మనిషి నున్నగా, ఆరోగ్యంగా ఉన్నాడు.

"మేడమ్, మీరు పెద్ద సదువు సదివిండ్రు. గీ పత్తెం ఇంకెన్ని దినాలుంటది?"

సాలమ్మ ఊడవడం ఆపేసింది.

"దాని మీదనే పరీక్షలు చేస్తున్నం బక్కన్నా. ఇంకా తేలలేదు," అన్నాను.

"ఎలుకలకు గూడ గటకేనా?"

"గటకే."

"అయ్యో, పాపం," అని ఎలుకల గది వైపు జాలిగా చూసి వెళ్లిపోయాడు.