బోర్లా పేర్చిన దరువు

ఫెస్ నగరంలో లెక్కల టీచర్ జుహూర్ వేళ్లు ఊరికే ఉండవు. టీ గ్లాసు మీదైనా సరే, కుడిచేత్తో మూడు దెబ్బల వరస, ఎడమచేత్తో నాలుగు దెబ్బల వరస ఒకేసారి వాయిస్తుంది. బడి గోడకి రంగు పెంకు ముక్కల పలక అతికించే పని వచ్చినప్పుడు, ఆ దరువే పిల్లల చేత పాడిస్తూ చెక్క చట్రంలో ముక్కలు బోర్లా పేర్పించింది. ప్రతి మూడో దెబ్బకి పచ్చ, ప్రతి నాలుగో దెబ్బకి నీలం, రెండూ కలిసిన చోట నక్షత్రం. రంగులన్నీ కిందివైపు, పైకి కనిపించేవన్నీ మట్టి వీపులే.

"పాటలతో గోడలు లేవవమ్మా. ఒక్కటి తప్పినా అంతా పగలగొట్టాల్సిందే," అన్నాడు మేస్త్రీ అల్లాల్.

వెనక పోసిన సిమెంటు ఆరాక పలకను తిరగేస్తుంటే, జుహూర్ వేళ్లు మొదటిసారి ఆగిపోయాయి. నక్షత్రాలన్నీ ఉండాల్సిన చోటే మెరిశాయి.

"నేను లెక్కపెట్టలేదు టీచర్, పాడానంతే," అంది ఎప్పుడూ లెక్కల్లో తప్పే రహ్మా, భయంభయంగా.

"అయితే పరీక్షలోనూ పాడు," అంది జుహూర్.

ఆ పక్కనే చెక్క చట్రం మీద అల్లాల్ వేళ్లు అదే దరువు వెతుక్కుంటున్నాయి.