అద్దాల పెట్టెలో గజ్జెలు

సూళ్లూరుపేట స్టేషన్లో బండి కోసం కూర్చునుంటే, పక్కనున్న పెద్దాయన తన ఫోన్ నా చేతికిచ్చాడు.

"నాకు చదువు రాదు అబ్బయా. ఆ చీటీలో ఏం రాసుండాదో చెప్పు."

ఫోటోలో మ్యూజియం అద్దాల పెట్టె, అందులో పాత గజ్జెల పట్టీలు, వాటి పక్కన చిన్న చీటీ. వాళ్ల నాయన వీధి భాగవతంలో సత్యభామ వేషానికి కట్టినవట. కళ్లకద్దుకోనిదే కాలికి కట్టేవాడు కాదట.

"నా తర్వాత ఆడేవాళ్లు లేరు. ఆ మ్యూజియంలోనయినా నలుగురూ చూస్తారని ఇచ్చేసినా. చూడబోయినోళ్లెవరో ఫోటో పంపినారు."

చీటీ మీద 'ఎద్దు మెడ గజ్జెలు' అని ఉంది.

"వీధి భాగవతం గజ్జెలని రాశారు" అన్నాను.

"మా నాయన పేరుండాదా?"

"ఉంది."

ఆయన నా వైపు జరిగి కూర్చున్నాడు. "ఏదీ, ఒక్కసారి చదువు. ఆ పేరు ఇంకొకరి నోట విని ఎన్నేళ్లయిందో."

మంచికని ఆడిన అబద్ధం అక్కడికే ఆగిపోయింది. ఆ పేరు నాకు తెలియదు. ఫోటో పెద్దది చేసి, చీటీలో వెతుకుతున్నట్టు నటించాను.

ఆయన నా ముఖం చూసి, ఫోన్ మెల్లగా తీసుకున్నాడు. దాన్ని రెండు కళ్లకూ అద్దుకుని జేబులో పెట్టుకున్నాడు.