టైరు వాసన లేని బీరు

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం లేదు గానీ కుతూహలం మాత్రం దండిగా ఉండేది. (ఆ రోజులంటే మరీ రాజుల కాలమేం కాదు, ఫోన్లు అప్పటికే మనకంటే తెలివైనవి.) కెనడాలో, కనాటా అనే ఊళ్ళో అక్కావాళ్ళ బేస్‌మెంట్‌లో ఉంటూ, పొద్దున్న రెజ్యూమేలు పంపి, మధ్యాహ్నం నుంచి లోకంలో ప్రతి వస్తువూ ఎలా పనిచేస్తుందో ఆరా తీసేవాణ్ణి. నా మంచం పక్కనే బావ బీరు తయారుచేసేవాడు. వారమంతా టెలికాం ఇంజినీరు, శనివారం మాత్రం సృష్టికర్త. ఆయన సృష్టించినదంతా టైరు వాసనొచ్చేది. దాన్ని ఆయన 'స్మోకీ ఫ్లేవర్' అనేవాడు. చివరికి అక్క మెట్ల మీద నిలబడి తీర్పు చెప్పేసింది: "ఏమండీ, ఇంకొక్కసారి చూస్తా. మళ్ళీ టైరు వాసనొస్తే ఆ మూల నాది. పచ్చళ్ళ జాడీలు పెట్టుకుంటా."

బావ ఆ వారం సరిగ్గా అన్నం తినలేదు. నేను మాత్రం బీరు పొయ్యి దగ్గర్నుంచి వెనక్కి వాసన చూసుకుంటూ పోయి, బట్టలుతికే తొట్టి కుళాయి దగ్గర ఆగాను. నీళ్ళొచ్చేది తోటకి పెట్టే పచ్చ రబ్బరు గొట్టంలోంచి. "బావా, నువ్వు ఇన్నాళ్ళూ గొట్టాన్ని ఉడకబెట్టావు," అన్నాను. సరే, పద్ధతిగా పైపు వేద్దామన్నాడు. ఏ పైపు అన్నదగ్గరే పేచీ వచ్చింది. ఆయనకి రాగి కావాలి. నేను పెక్స్ అనే తెల్ల ప్లాస్టిక్ పైపు గురించి ఇంటర్నెట్‌లో ఉన్నదంతా చదివేశాను.

"మా తాత రాగి చెంబులో నీళ్ళు తాగి తొంభై ఏళ్ళు బతికాడ్రా."

"ఆయన అందులో బీరు కాచలేదుగా బావా."

"కాస్తే ఇంకో పదేళ్ళు బతికేవాడు."

ఇక లాభం లేదని ఒక రాగి ముక్క, ఒక పెక్స్ ముక్క, ఒక మెత్తటి పారదర్శక గొట్టం కొనుక్కొచ్చి, శుభ్రంగా కడిగి, కుళాయికి ఫిల్టరు బిగించి, ఆ నీళ్ళే మూడింట్లోనూ నింపి మర్నాటిదాకా మూతలు పెట్టి ఉంచాం. జడ్జి అక్క. (బీరు ముట్టదు కాబట్టి నిష్పక్షపాతి. పైగా పక్కింట్లో పోపు మాడితే ఇక్కణ్ణుంచే చెప్పే ముక్కు.) ఏ గ్లాసులో ఏ నీళ్ళో చెప్పకుండా వరసగా పెట్టాం. మొదటిది గుటకేసి, "రూపాయి బిళ్ళ చప్పరించినట్టుంది," అంది. అది రాగి. బావ ముఖం చూస్తే తాతగారు ఆ రోజే పోయినట్టుంది. రెండోది వాసన చూసి, "కొత్త రెయిన్‌కోటు," అని పక్కకి నెట్టేసింది. మూడోది నెమ్మదిగా తాగి, "ఇందులో ఏం లేదు," అంది.

"ఏం లేదంటే?" బావ ముందుకి వంగాడు.

"నీళ్ళున్నాయండీ."

పెక్స్ గెలిచింది. మిగిలిన ఆ నీళ్ళు పారబొయ్యడం ఇష్టంలేక అక్క కాఫీ పెట్టింది. ముగ్గురం ఆఖరి చుక్కదాకా తాగేశాం. మర్నాడు కుళాయికి పెక్స్ పైపే బిగించాం. అప్పట్నుంచి అక్క కాఫీ నీళ్ళకోసం కెటిల్ పట్టుకుని కిందికి దిగడం మొదలైంది.

కొన్ని వారాలకి కొత్త బీరు సిద్ధమైంది. అక్క గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. బావ ఊపిరి బిగబట్టాడు. "టైరు లేదు. మూల మీరే ఉంచుకోండి," అంది. బావ ఊపిరి వదిలేలోపే, "ఆ కుళాయి మాత్రం నా వంటింట్లోకి రావాలి," అంది. పైకి కూడా పైపు లాగాం. బావ ఆఫీసువాళ్ళని పిలిచి బీరు పోస్తే, మర్యాదకి తలో గ్లాసు తాగి, రెండో రౌండు కాఫీ అడిగారు.

ఇప్పుడు నేను బర్నబీలో ఉంటున్నా. ఎవరింట్లో మంచినీళ్ళిచ్చినా ముందు వాసన చూస్తాను, వాళ్ళు నొచ్చుకుంటారు. మా అపార్ట్‌మెంట్ గోడల్లో ఉన్నది ఏ పైపో తెలుసుకోవాలని రెండేళ్ళుగా అనుకుంటున్నా, కుదరడం లేదు. ఆ బేస్‌మెంట్ కుర్రాడైతే మధ్యాహ్నానికల్లా కనుక్కునేవాడు. ఇప్పుడు ఉద్యోగం ఉంది. కుతూహలానికే సెలవు పెట్టాల్సొస్తోంది.