ఫీజా, ఫేజా?

ఆ రోజు నేను చేసింది ఒక గుణింతపు తప్పు. దానికి ఒక మోటారు కాలిపోయింది, ఒక పెళ్లికూతురి సారె ఆగిపోబోయింది. డెబ్భైల్లో, చదువు ముగించిన కొత్తలో, తిరువూరులో మా మావయ్య రైసు మిల్లులో కరెంటు పని చూసేవాణ్ణి. సరిగా వినపడని మాటను మళ్లీ అడగడం నామోషీ అనుకునే వయసు (ఆ వయసు నాకు చాలాకాలం సాగింది).

మిల్లంతటికీ ఒకటే మోటారు. అది ఒక పొడవాటి ఇరుసును తిప్పితే, ఆ ఇరుసు మీది బెల్టులు వడ్లు ఆడించే యంత్రాన్నీ, పిండిమరనూ, దుమ్మును కిటికీలోంచి బయటికి తోసే రేకు ఫ్యానునూ తిప్పేవి. ఆ మధ్యాహ్నం వినగడప నుంచి ఒక పిన్ని, అరిసెలకు నానబెట్టిన బియ్యం బుట్టతో బస్సు దిగింది. మర్నాడే కూతుర్ని అత్తారింటికి పంపాలి. "తడి ఆరకముందే ఆడించాలబ్బాయ్, ఆరితే పాకానికి పనికిరాదు," అంది. సరిగ్గా అప్పుడే మోటారు మూలిగి ఆగింది. మూడు తీగల్లో రావాల్సిన కరెంటు ఒకదాన్లో రావడం లేదు. బోర్డు మీది మూడు బల్బుల్లో ఒకటి ఆరడం చూసి, కిటికీ పక్క కుర్చీలోంచి మావయ్య కేకేశాడు: "ఫేజు పోయిందిరా అల్లుడూ, ముట్టుకోమాక." నాకు "ఫీజు పోయింది" అని వినపడింది. రెండో ముక్క అసలు వినలేదు.

ఎక్కడ ఏ తేడా వచ్చినా ముందు తను కాలిపోయి మిగతావాటిని కాపాడాలనే ఫీజులో సన్నతీగ వేస్తారు. ఆ తీగ నిక్షేపంగా ఉన్న సంగతి కూడా గమనించకుండా, తీసేసి లావుపాటి రాగితీగ చుట్టాను. "ఇక జన్మలో పోదు పిన్నీ," అన్నాను. స్విచ్చి వేస్తే మోటారు మూలిగిందే గాని తిరగలేదు. బెల్టు పట్టుకుని ఒక్క లాగు లాగాను. తిరిగింది. రెండు ఫేజుల మీద మోటారు ఎటు తోస్తే అటే తిరుగుతుందని నాకప్పటికి తెలియదు. నేను లాగింది వెనక్కి.

మోటారుతో ఇరుసు, ఇరుసుతో మిల్లంతా వెనక్కి తిరిగింది. రేకు ఫ్యాను బయటున్న ఊకగుట్టను లోపలికి లాగి మావయ్య మీద పోసింది. ఊకలోంచి ఆయన గొంతు మాత్రం వచ్చింది: "ఏంట్రా, నన్ను తూర్పారబడుతున్నావా?" ఈపాటికి ఫీజు కాలాలి. నేను కాలనివ్వలేదు గదా, మోటారు కాలింది.

పొగ తగ్గాక ఉన్న సంగతి ఒప్పుకున్నాను. మావయ్య చెవిలోంచి ఊక తీసుకుంటూ, "ఊక నా చెవిలో ఉంటే వినపడంది నీకా," అన్నాడు. పిన్ని బియ్యం మీద తడిగుడ్డ కప్పి కూర్చుంది. ఆపాల్సిన చోట ఆపకపోతే తప్పు పక్కదాన్ని పట్టుకుంటుంది. ఆ బుట్ట దాకా రాకుండా నా దగ్గరే ఆపాలనిపించింది. మావయ్య పెరట్లో రోలు కడిగి, పొద్దుగూకేదాకా నేను దంచాను, పిన్ని జల్లించింది. చేతులు బొబ్బలెక్కి ఒకసారి ఆగాను.

"ఏమబ్బాయ్, ఫీజు పోయిందా?" అంది, జల్లెడ మీంచి తలెత్తకుండానే.

"ఫీజా, ఫేజా పిన్నీ?" అని మళ్లీ అడిగాను.

పిన్ని నవ్వింది. ఆఖరి బస్సుకు పిండిబుట్ట నేనే మోశాను. విన్న మాటను మళ్లీ అడగడం నాకదే మొదలు. చెవులు మందగించిన ఈ రోజుల్లో అదే పనిగా ఉంది.